వచ్చారు, పని లేదు

ఈడిత్ పోయిన వారమంతా కలిపి పద్నాలుగున్నర గంటలే పని చేసిందని కంప్యూటరులోని పనిగంటల షీటు చెబుతోంది. గున్‌వోర్ కళ్ళద్దాలను నుదుటి మీంచి ముక్కు మీదికి దించుకుని ఆ గడి వంక చిరాగ్గా చూసింది. అయిదు రోజులు, రోజుకు ఏడూ ఎనిమిది గంటల చొప్పున నిలబడి చేపలు కోసిన మనిషికి పద్నాలుగున్నర ఎలా వస్తుంది? కారణం ఆమెకు తెలుసు. కంప్యూటరు దృష్టిలో రోజంటే ఇరవై నాలుగు గంటలే. మొత్తం అంతకు మించితే, నిండిన రోజును అవతల పారేసి మిగిలింది మాత్రమే చూపిస్తుంది. గడి తీరు మార్చే చోటికి వెళ్ళి, గంటల గుర్తుకు అటూ ఇటూ నలుచదరపు బ్రాకెట్లు తగిలించింది. పద్నాలుగున్నర కాస్తా ముప్పై ఎనిమిదిన్నర అయి కూర్చుంది.

"ఇప్పుడు దారికొచ్చావు," అంది దానితో.

ఉదయం ఆరూ నలభై. అక్టోబరు చివరి శుక్రవారం. కిటికీ బయట ఇంకా చీకటే. రాత్రి మొదలైన వాయవ్యపు గాలి తగ్గలేదు. రేవులో పడవలు తాళ్ళు బిగించుకుని ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఈ గాలిలో సముద్రం మీదికి వెళ్ళేవాడికి మతి ఉండదని ఊళ్ళో పసివాళ్ళకు కూడా తెలుసు. అయినా కింద భోజనాల గదిలో ముప్పై నలుగురు వచ్చి కూర్చున్నారు.

ఆ ఉత్తర తీరపు చేపల ఫ్యాక్టరీలో పద్ధతి అది. ముందురోజు సాయంత్రం ఫోనుకు కబురు వస్తే పొద్దున్న ఆరింటికల్లా వచ్చి కూర్చోవాలి. పడవ వస్తే పని. తొమ్మిదింటి దాకా రాకపోతే ఇంటికి. పడవ రాని రోజున, వచ్చి కూర్చున్న ప్రతి మనిషి పేరు ఎదురుగా గున్‌వోర్ ఒక సున్నా వేస్తుంది. రాని మనిషి గడిని ఖాళీగా వదిలేస్తుంది. సున్నా అంటే వచ్చారు, పని లేదు అని. ఖాళీ అంటే మనిషే రాలేదని. ఈ తేడాను ఆమెకు నేర్పింది అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్న ముసలాయన. ఆయన కాలంలో అది గట్టి అట్ట పుస్తకం, పెన్సిలుతో గీసిన సున్నాలు. ఎవరైనా ఆ సున్నా చూసి నవ్వితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. చీకట్లో లేచి, మంచు తవ్వుకుని, వచ్చి కూర్చున్న మనిషి గురించి అది చెబుతుంది, అనేవాడు.

గున్‌వోర్‌కు అరవై ఒకటి. పొట్టి మనిషి. ఇరవై రెండేళ్ళు కోత బల్ల దగ్గర నిలబడడం వల్ల భుజాలు మగవాడి భుజాల్లా వెడల్పయ్యాయి. కుడి మణికట్టు మీద రెండు అంగుళాల తెల్లటి గీత ఉంది. కత్తి పట్టీ పట్టీ నరం వాచిపోతే కోసి సరిచేసిన గుర్తు. అది మానినా వేళ్ళు మునుపటిలా బిగియలేదు. అందుకని పైన ఆఫీసులోకి పంపారు. పంపినరోజు కింద ఆడవాళ్ళంతా కలిసి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల దాకా మోసుకొచ్చారు. అప్పటినుంచి ఆమె 'ఆఫీసమ్మ'. ఎగతాళీ అదే, మర్యాదా అదే.

మిగతా జీవితం చెప్పుకోవడానికి పెద్దగా లేదు. కొండవాలు మీద పసుపు రంగు చెక్క ఇల్లు. పొద్దున్నే డబ్బాలో సర్దుకునే నాలుగు రొట్టె ముక్కలు, అంటుకోకుండా మధ్య మధ్య నూనె కాగితం, గోధుమరంగు చీజ్. ఆదివారం చేప పులుసు. పెళ్ళి ఒకటయింది, పదకొండేళ్ళు నిలిచింది. ఆయన చమురు బావుల మీద పనికి వెళ్ళి, ఆ దగ్గరలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఊరందరికీ తెలిసిన రెండేళ్ళకు గానీ ఆమెకు తెలియలేదు. చెప్పింది టోర్డిస్. బల్ల దగ్గర పక్కపక్కనే నిలబడి చేపలు కోస్తూ, తలెత్తకుండా, రెండే మాటల్లో చెప్పింది. "ఇంతమందికి తెలిసీ నీ మొహంలోకి చూసి నవ్వుతున్నారు. నాకు నిన్ననే తెలిసింది, సిగ్గుగా ఉంది," అంది. ఆ రోజు గున్‌వోర్ ఏడవలేదు. మిగిలిన పెట్టె పూర్తి చేసింది. తనతో నిజం చెప్పే మనిషి ఒకరున్నారన్నది మాత్రం అప్పటినుంచీ ఆమెకు గట్టి నేలలా ఉంటూ వచ్చింది.

మూడేళ్ళ కిందట ఫ్యాక్టరీ దేశం దక్షిణాన ఉన్న యజమానుల చేతికి పోయింది. అప్పుడు యూనియన్ పట్టుబట్టి ఒక ఒప్పందం రాయించుకుంది. ఎప్పుడైనా ఫ్యాక్టరీని ఇంకో చోటికి తరలిస్తే, పిలిచిన ప్రతిరోజూ వచ్చిన మనిషికి కొత్త చోట పని ఖాయం. పడవ వచ్చిందా లేదా అన్నది లెక్కలోకి రాదు, మనిషి వచ్చాడా లేదా అన్నదే చూడాలి. చిన్న ఊరు. ఆ పని పోతే ఇంకో పని లేదు. ఉన్నది బడి, కిరాణా కొట్టు, పెట్రోలు బంకు.

సున్నాలు దాచడం మొదలైందీ ఆ రోజుల్లోనే. మేనేజరు స్టైనార్ ఒకనాడు ఆమె భుజం మీదుగా వంగి నెల షీటు చూశాడు. గాలుల నెల. కాగితం నిండా సున్నాలు.

"ఇదేంటి గున్‌వోర్, పేజీకి దద్దుర్లు లేచాయి," అన్నాడు.

స్టైనార్ బయటివాడు కాదు. అతని తల్లి కోత బల్ల దగ్గర గున్‌వోర్‌కు ఎదురుగా నిలబడేది. ఆమె పోయినప్పుడు శవపేటిక పట్టిన ఆరుగురిలో గున్‌వోర్ ఒకతె. కంప్యూటరు ముందు బిక్కచచ్చి కూర్చున్న రోజుల్లో ఆమెకు ఓపికగా అన్నీ నేర్పింది అతనే. ఆ రోజు కూడా మౌసు మీద ఉన్న ఆమె చేతిని మెల్లగా పక్కకు జరిపి, సున్నాలు చూపించాలా అని అడిగే చోట టిక్కు తీసేశాడు. సున్నాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆమె కంగారు పడింది. అతను నవ్వి, ఒక ఖాళీ గడి మీద క్లిక్ చేసి, పైనున్న పట్టీలో సున్నా చూపించాడు. ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాయి, కంటికి కనిపించవంతే అన్నాడు. పేజీ శుభ్రంగా, ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. ఆమెకు ముచ్చటేసింది. అప్పటినుంచి నెలనెలా ప్రింటు తీసి, కింద 'సరిచూశాను' అని రాసి, సంతకం పెట్టి, ఒక ప్రతి కింద బోర్డుకు గుచ్చి, ఇంకోటి ఫైల్లో పెడుతోంది. ముప్పై ఆరు నెలలు. ఒక్క నెలా ఆలస్యం కాలేదు.

తొమ్మిదింటికి స్టైనార్ కిందికి వెళ్ళాడు. పడవ రాదని చెప్పడానికే అనుకుని గున్‌వోర్ కాఫీ కప్పుతో వెనకాలే దిగింది. అతను పడవ సంగతి చెప్పలేదు. నోటీసు బోర్డుకు ఒక కాగితం గుచ్చి, ఫ్యాక్టరీ జనవరిలో సముద్రపు పాయ అవతలి ఊరికి మారుతోందనీ, కొత్త చోట కోతంతా యంత్రాలదేననీ, వచ్చేవారి పేర్లు ఇవీ అనీ చెప్పి, ఎవరైనా నోరు తెరిచేలోగా పైకి వెళ్ళిపోయాడు.

ముప్పై నలుగురిలో ఇరవై ఇద్దరి పేర్లున్నాయి. వాటి కింద, ఆఫీసు అని గీత గీసి, గున్‌వోర్ పేరు. అన్నిటికంటే కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం: ఒప్పందం ప్రకారం, మూడేళ్ళ పనిగంటల షీట్లలోని హాజరును బట్టి.

పేరున్న వాళ్ళు సంతోషించడానికి మొహమాటపడ్డారు. పేరు లేని వాళ్ళు మళ్ళీ మళ్ళీ చదివారు. టోర్డిస్ ఒకసారే చదివింది. యాభై ఎనిమిదేళ్ళ పొడుగాటి మనిషి, ఎడమ భుజం పైకెత్తలేదు, నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. చలికాలానికి సరిపడా చేతి తొడుగులివ్వలేదని పోయినేడు పై అధికారుల దాకా ఫిర్యాదు తీసుకెళ్ళింది ఆమే.

"ఆఫీసమ్మా, నన్ను రాయడం మర్చిపోయినట్టున్నారు. పైకెళ్ళి నీ పెట్టెలో చూసి రా. మా అమ్మను మట్టి చేసిన మర్నాడు కూడా వచ్చి కూర్చున్నానే. ఆ రోజు పడవైనా రాలేదు," అంది. గొంతులో కంగారు లేదు. పొరపాటు దొరుకుతుందన్న ధీమా ఉంది. పక్కనున్న వాళ్ళు కూడా గున్‌వోర్ వైపు అదే ధీమాతో చూశారు.

గున్‌వోర్ మెట్లెక్కి వచ్చి షీటు తెరిచింది. ఆ తేదీ ఆమెకు గుర్తే. ఫిబ్రవరి పదకొండు. టోర్డిస్ నల్ల కోటుతోనే వచ్చింది ఆ రోజు. ఆమె వరుస పట్టుకుని వెళ్ళి పదకొండో గడి మీద క్లిక్ చేసి, పైనున్న పట్టీ వైపు చూసింది.

పట్టీలో ఏమీ లేదు.

ఇంకో గడి మీద క్లిక్ చేసింది. ఇంకోటి. మార్చిలో తుపాను వచ్చిన వారం మొత్తం చూసింది. ఖాళీగా కనిపించడం వేరు, ఖాళీగా ఉండడం వేరు. ఇవి ఖాళీగానే ఉన్నాయి. తనే వెయ్యలేదేమోనని ఒక్క క్షణం తన మీదే అనుమానం వచ్చింది. మణికట్టు సలపడం మొదలుపెట్టింది. మూడేళ్ళ కిందట తీసేసిన ఆ టిక్కును వెతికి పట్టుకుని తిరిగి పెట్టింది.

సున్నాలు బయటికి వచ్చాయి. కానీ అందరి వరుసల్లోనూ రాలేదు. ఈడిత్ వరుసలో వచ్చాయి, ఆమె కింది వాడికి వచ్చాయి, ఆ తర్వాతి వరుస బోసిగా ఉండిపోయింది. గున్‌వోర్ వేలు పెట్టి లెక్కపెట్టింది. సున్నాలున్నవి ఇరవై రెండు వరుసలు. లేనివి పన్నెండు. ఆ పన్నెండు ఎవరివో పేర్లు చదవకుండానే తెలిసిపోతోంది. యాభై అయిదు దాటినవాళ్ళు, నడుములూ భుజాలూ పోయినవాళ్ళు, తొడుగుల ఫిర్యాదు మీద సంతకం పెట్టినవాళ్ళు. షీటు చివరన హాజరు లెక్కించే గడి అంకె ఉన్న గళ్ళనే లెక్కపెడుతుంది. సున్నా కూడా దానికి అంకే. ఏమీ లేకపోతే అది లెక్కపెట్టదు. ఆ గడిని అలా అమర్చింది తనే.

కంప్యూటరులో ఆ షీటు తెరిచే పాస్‌వర్డు తెలిసింది ఇద్దరికే, తనకూ స్టైనార్‌కూ.

అల్మారాలోంచి ఫైలు తీసి ముప్పై ఆరు ప్రింట్లూ తిరగేసింది. టోర్డిస్ వరుస, ఈడిత్ వరుస, అన్నీ ఒకేలా తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. కింద తన సంతకం. సున్నాలు కనిపిస్తూ ఉండి ఉంటే ఒక్కటి చెరిపినా బోసి పన్నులా పట్టిచ్చేది. కనిపించని వాటిని చెరిపితే ఎవరికి తెలుస్తుంది? ఫైలు చంకలో పెట్టుకుని స్టైనార్ గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్ళింది.

"టోర్డిస్ సున్నాలేవి?" అంది.

ఏ సున్నాలని అతను అడగలేదు. ల్యాప్‌టాప్ మూసి, ఎర్రగడ్డాన్ని అరచేత్తో రుద్దుకున్నాడు. ఆమెకు అంతతోనే అర్థమైంది. అయినా నిలబడింది. అతను నెమ్మదిగా, బల్ల మీదున్న పెన్నుతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. పన్నెండు మందిని తగ్గించమని యజమానులు అన్నారట. పేర్లు ఎంచితే కోర్టుకెళతారు, హాజరు తగ్గిందంటే ఎవరూ ఏమీ అనలేరు. తను చెయ్యకపోతే దక్షిణాది నుంచి వచ్చి ఇంకెవడో చేసేవాడు, వాడికి ఈ ఊరి మీద జాలి కూడా ఉండదు.

"ఎవరినో ఒకరిని తియ్యాలిగా గున్‌వోర్. నువ్వైతే ఎవర్ని తీసేదానివి?"

"నన్నడిగావా?"

అతను పెన్నును పక్కకు జరిపాడు.

"దద్దుర్లన్నావే మూడేళ్ళ కిందట. అప్పటికే తెలుసా నీకు?"

స్టైనార్ కిటికీలోంచి పడవల వైపు చూశాడు. "ఎప్పుడో ఒకప్పుడు మూస్తారని తెలుసు. ఎప్పుడన్నది తెలీదు," అన్నాడు. తర్వాత, ఆమెకు ఊరట కలుగుతుందనుకున్నాడో ఏమో, "నీ పేరు మాత్రం నేనే పట్టుబట్టి పెట్టించాను," అని కలిపాడు.

మొగుడి సంగతి తెలిసినరోజు కూడా ఆమెకు ఇంత అసహ్యం వెయ్యలేదు. వాడు తనను వదిలేశాడు, అంతే. వీడు తన చేతినే వాడుకున్నాడు. ఆ రోజు మౌసు మీంచి మెల్లగా పక్కకు జరిపిన ఆ చెయ్యి గుర్తొచ్చి, కుడి అరచేతిని స్కర్టుకు తుడుచుకుంది.

"తిరిగి పెట్టు," అంది.

"పైవాళ్ళకు పంపేశాను. అయినా నెలనెలా సరిచూశానని సంతకం పెట్టింది నువ్వు. నేను కాదు."

ఆమె కిందికి వచ్చేసరికి గదిలో టోర్డిస్ ఒక్కతే ఉంది. మిగతావాళ్ళను పంపించేసి, మంచి కబురు తన నోటితోనే అందరికీ ఫోన్లు చేసి చెబుదామని కూర్చుందట. గున్‌వోర్ ఎదురుగా నిలబడి జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు. టిక్కు తీసిన రోజు తనకు ముచ్చటేసిన సంగతి కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ టోర్డిస్ ఆమె మొహంలోకే చూస్తూ ఉంది.

"నెల కాగితం బోర్డుకు పెట్టేదానివి కదా. నా వరుస తెల్లగా ఉండడం నేను చూశాను," అంది చివరికి.

"చూశావా?"

"మూడేళ్ళుగా చూస్తున్నాను. సున్నాలేవని ఈడిత్ అడిగింది కూడా. రాసింది గున్‌వోర్, నోరు మూసుకో అన్నాను."

గున్‌వోర్ ఏదో అనబోయింది. టోర్డిస్ చెయ్యెత్తి ఆపింది. కోపంగా కాదు, అలిసిపోయినట్టుగా. చలికోటు జిప్పు గడ్డం దాకా లాక్కుంది. ఎడమ చెయ్యి పైకి లేవదు కనుక ఆ పనిలో గున్‌వోర్ రోజూ సాయపడేది. ఈ రోజు సాయం అడగలేదు, కుడిచేత్తోనే తంటాలు పడి లాక్కుంది.

"నీ మొగుడి సంగతి నాకు తెలిసిన మర్నాడే నీతో చెప్పేశాను," అంది తలుపు దగ్గర ఆగి. "తెల్లారేదాకా కడుపులో ఉంచుకోవడమే గగనమైంది. నువ్వు సున్నాలు దాచిన సంగతి మూడేళ్ళు నాకు చెప్పలేదు."

తలుపు విసురుగా వెయ్యలేదు. మామూలుగానే వేసి వెళ్ళింది. కిటికీ అద్దంలోంచి చూస్తే, గాలికి ఒక పక్కకు వంగి, రేవు దారిన నడిచిపోతూ కనిపించింది. వెనక్కి తిరుగుతుందేమోనని గున్‌వోర్ చాలాసేపు చూసింది.

యూనియన్ ఆఫీసులో మనిషి ఫోనులో ఓపికగానే విన్నాడు. అంతా కాగితం మీద పెట్టి పంపమన్నాడు. తర్వాత, దాపరికం ఎందుకని, ఇంకో మాట చెప్పాడు. మూడేళ్ళు నిజమని సంతకం పెట్టిన మనిషే ఇప్పుడు అబద్ధమని సంతకం పెడితే, వాళ్ళు ఏ సంతకాన్ని నమ్మాలి?

"తెలీదు," అంది గున్‌వోర్. "రెండోదాన్ని నమ్మితే నా పని పోతుంది. లాభం లేకుండా పెట్టిన సంతకం ఏదో, అదైనా చూడమనండి."

చేత్తోనే రాసింది. ముప్పై ఆరు నెలల పేజీల్లో పన్నెండు మంది వరుసలు ఖాళీ కావని, ఆ రోజుల్లో వాళ్ళు వచ్చారని, వాళ్ళకు తను స్వయంగా సున్నాలు వేసిందని, అవి కనిపించకుండా ప్రింటు తీసింది తనేనని, చెరిపింది మాత్రం తను కాదని. పన్నెండు పేర్లూ రాసింది. జాబితాలోంచి తన పేరు తీసెయ్యమని రాసింది. వేళ్ళు బిగియక అక్షరాలు వంకర పోయాయి. రెండు ప్రతులు తీసి, ఒకటి యూనియన్‌కు కవరులో పెట్టి, రెండోది స్టైనార్ బల్ల మీద పెట్టింది. అతను గదిలో లేడు. భోజనానికి ఇంటికి వెళ్ళాడు.

ఆ తర్వాత తన కుర్చీలో కూర్చుని ఆ రోజు పని చేసింది. పడవ రాలేదు. వచ్చినవాళ్ళు ముప్పై నలుగురు. ముప్పై నాలుగు సున్నాలు, ఒక్కొక్క పేరూ పెదవులతో పలుకుతూ వేసింది. టోర్డిస్ పేరు దగ్గర ఆగింది. ఆ సున్నా వేసి, తిరిగి చూసుకుని, కింది వరుసకు వెళ్ళింది. ప్రింటు తీసి సంతకం పెట్టింది. ఈసారి సున్నాలు కనిపించేలాగే వదిలేసింది. తాళంచెవులు కీబోర్డు పక్కన పెట్టి కోటు వేసుకుంది.

పన్నెండున్నర దాటింది. బయట ఎండ లేదు గానీ వెలుగుంది. కాఫీ యంత్రం ఆపారో లేదోనని భోజనాల గదిలోకి తొంగి చూసింది. ఆపలేదు. స్విచ్చి తీసి, మిగిలిన కాఫీ తొట్టిలో వొంపి, పాత్ర కడిగి బోర్లించింది. గోడ వారగా పొడుగాటి చెక్క బల్ల. వచ్చిన వాళ్ళు పడవ కోసం కూర్చునేది దాని మీదే. ఎవరి వస్తువులు వాళ్ళు తీసుకుపోయారు.

ఆ మూల, వేడి గొట్టం పక్కన, టోర్డిస్ చోటులో ఒక కూర్చునే చాప మిగిలిపోయింది. ఎరుపూ బూడిదరంగూ ఉన్నితో ఆమె తనే నేసుకున్నది, అంచులు ఇంకా కొత్తవిలా దళసరిగా ఉన్నాయి, మధ్యలో మాత్రం ఉన్ని అంతా అరిగిపోయి కింది నార పోగులు బయటికి కనిపిస్తున్నాయి.